నలుగురు నవ్వే చోట

ఇంకో పదకొండు నిమిషాల్లో బాల్కనీ సీను వస్తుంది. అక్క నాకు మూడు వరుసల ముందు, నడవా పక్క నుంచి రెండో సీట్లో కూర్చుంది. ఆమె జుట్టుముడి, ముడిలో గుచ్చిన నల్ల క్లిప్పు, భుజానికి తగిలించుకున్న బ్యాగు పట్టీ తప్ప నాకింకేమీ కనపడటం లేదు. వెనక నుంచి ముడిని చూసి మనిషి నవ్వుతోందో లేదో చెప్పడం ఎవరికైనా చేతనవుతుందా, భుజాలు కదిలితే నవ్వినట్టు, కానీ భుజాలు దగ్గినా కదులుతాయి, సీట్లో సర్దుకున్నా కదులుతాయి. పదకొండు నిమిషాలంటే పదిహేను వేల ఎనిమిది వందల నలభై ఫ్రేములు. ఈ సినిమాకి ఎడిటర్ని నేనే కాబట్టి ప్రతి ఫ్రేమూ నా చేతి మీదుగానే పోయింది, ఎక్కడ ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలను, ఎక్కడ ఏం తీసేశానో కూడా చెప్పగలను. మీట నొక్కితే ఆగిపోయే బొమ్మతో పద్దెనిమిదేళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఈ చీకట్లో మీట లేకుండా కూర్చోవడం, రైలు నడిపేవాణ్ణి తీసుకొచ్చి ప్రయాణికుల పెట్టెలో పడేసినట్టుంది. అరచేతులు చెమట పట్టాయి, ప్యాంటుకి తుడుచుకున్నాను, మళ్ళీ పట్టాయి. పక్క సీట్లో పెద్దాయన ఒకసారి నా చేతుల వైపు చూసి, తన చేతిరుమాలు తీసి, ఇవ్వాలా వద్దా అని ఆలోచించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

రావద్దన్నాను. పొద్దున పదింటికి ఫోను చేసి, మా వార్డుకి పాసులు పంచారురా, మధ్యాహ్నం రెండింటి ఆట, ఎవరు తీశారని అడిగితే నీ పేరు కూడా చెప్పారు, నువ్వు పనిచేసిన సినిమా అంటగా, ప్రేమకథ అంట, కామెడీ కూడానంట, అంది. అక్క పెద్దాసుపత్రిలో నర్సు, ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఆమె గొంతులో ఆ సంతోషం వింటూనే అడ్డుపడ్డాను. "వద్దక్కా, ఇంకా పూర్తి కాలేదు, సౌండు కూడా సరిగ్గా లేదు" అన్నాను. "సౌండు లేకపోతే బొమ్మే చూస్తాను. నీ సినిమాకి నేను రాకపోతే ఇంకెవరొస్తారు" అని పెట్టేసింది. నిజమే, ఇంకెవరొస్తారు. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పంతొమ్మిది. నా చొక్కాలకి గుండీలు కుట్టింది, నా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెట్టింది, జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చింది, నేను సినిమాల్లోకి పోతానంటే ఊరంతా ఒకవైపు నిలబడినా ఆమె ఒక్కతే నా వైపు నిలబడింది. అన్నిటికీ ఆమె దగ్గర ఒకే కొలబద్ద, అమ్మ నుంచి వచ్చింది: నలుగురూ నవ్విపోతారు. ఆ చొక్కా వేసుకోకు, నలుగురూ నవ్విపోతారు. అందరి ముందూ ఏడవకు, నలుగురూ నవ్విపోతారు. పెరిగి పెద్దయ్యాక నేనేమో నలుగుర్నీ నవ్వించే పనే వృత్తిగా పెట్టుకున్నాను. బయట నలుగురు నవ్వితే చాలని ఆశ, ఇంట్లో నలుగురూ నవ్విపోతారని భయం, మాట ఒకటే, నేనే రెండు ముక్కలు.

పాసుల మీద ప్రేమ హాస్య చిత్రం అని తప్ప ఇంకేమీ వెయ్యలేదు. అది నిర్మాత పట్టుదల. తెలిసి వచ్చినవాళ్ళ నవ్వు నాకు లెక్కలోకి రాదయ్యా, తెలియకుండా వచ్చినవాళ్ళు నవ్వాలి అన్నాడు. అందుకే ఆసుపత్రికీ, బస్సు డిపోకీ, రెండు కాలేజీలకీ, పదవీ విరమణ చేసినవాళ్ళ సంఘానికీ పాసులు పంచాడు. రెండు వందల మందీ వచ్చారు. మొదటి పావుగంటా వాళ్ళకి అర్థం కాలేదు. రొట్టెల దుకాణం నడిపే కుర్రాడు కళ్ళద్దాల దుకాణానికి వెళ్తాడు, అక్కడ కళ్ళు పరీక్ష చేసే అతను పొడవాటి మనిషి, ఏ అక్షరం కనపడుతోందో చెప్పండి అంటే, రొట్టెలవాడు కనపడే అక్షరాలన్నీ తప్పు చెప్తాడు, మళ్ళీ రేపు రమ్మంటారని. మూడోసారి వచ్చినప్పుడు హాలంతా హాయిగా నవ్వింది. నాలుగోసారి కళ్ళద్దాలతను "మీ కళ్ళు బాగానే ఉన్నాయి, మీరు రోజూ ఎందుకొస్తున్నారో నాకు తెలుసు" అని అద్దాల చట్రాన్ని రొట్టెలవాడి చెవి మీద మెల్లగా సర్దగానే, హాలులో ఏదో తలుపు మూసుకున్నట్టయింది. అప్పుడు అర్థమైంది అందరికీ. మధ్య వరుసలో ఐదారుగురు కుర్రాళ్ళు పెదాలతో చప్పుడు చేశారు, ఎవడో ఓయ్ అని సాగదీశాడు, దానికి ఒక నవ్వు లేచింది. ఒకాయన భార్య మోచెయ్యి పట్టుకుని లేవదీసి బయటికి నడిచాడు. ఆవిడ తలుపు దాకా వెనక్కి తిరిగి తెర వంకే చూస్తూ వెళ్ళింది. తలుపు దగ్గర నిర్మాత తన చీటీ మీద ఏదో రాసుకున్నాడు. అక్క లేవలేదు. పక్కనున్న ఇద్దరు నర్సుల్లో ఒకామె అక్క చెవిలో ఏదో అంది, అక్క తల ఊపింది. ఏమని ఊపింది, అవుననా, ఊరుకోమనా. అప్పటి నుంచీ నేను సినిమా చూడటం మానేశాను, ముడిని చూస్తున్నాను.

తొమ్మిది నిమిషాలు. నవ్వుల్లో నాకు రెండే రకాలు తెలుసు, మిగతావన్నీ వాటి పిల్లలే. ఒకటి పక్క నుంచి వచ్చే నవ్వు, తెర మీద మనిషి జారితే తనూ ఎప్పుడో అలాగే జారానని గుర్తొచ్చినవాడి నవ్వు. రెండోది పైనుంచి పడే నవ్వు, జారినవాడి మీద రాయిలా పడుతుంది. చెవికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, పద్దెనిమిదేళ్ళు విన్నాక కూడా ఒక్కోసారి తేడా తెలియదు. ఈ సినిమాలో అదే నా బతుకు, అదే నా చావు. రొట్టెలవాడు ప్రేమలో తికమకపడుతున్నందుకు నవ్వుతున్నారా, ప్రేమించింది మగవాణ్ణని నవ్వుతున్నారా. కాలేజీ అమ్మాయిలిద్దరు ముందు వరుసలో ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు, అది పక్క నుంచి వచ్చేదే, నాకు తెలుసు. మధ్య వరుస కుర్రాళ్ళు ఇందాక పైనుంచి నవ్వారు, ఇప్పుడు కొంచెం మామూలుగా నవ్వుతున్నారు, కళ్ళద్దాలతను రొట్టెల పిండి కలపబోయి చొక్కా నిండా పూసుకున్నప్పుడు వాళ్ళలో ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. మనుషులు అలా జారిపోతారు, ఒక నవ్వులోంచి ఇంకో నవ్వులోకి, తమకే తెలియకుండా. పేరున్న ఎడిటరు దగ్గర నేను సహాయకుడిగా చేరిన మొదటి ఏడు, ఒక సినిమాలో ఒక మనిషి నడుం తిప్పుకుంటూ, చేతిరుమాలు ఊపుకుంటూ వచ్చేవాడు, హీరో వాణ్ణి చూసి పారిపోయేవాడు, అదే హాస్యం. గురువుగారు భోజనానికి వెళ్తూ, ఆ నడుం దగ్గర ఇంకో ఎనిమిది ఫ్రేములు సాగదియ్యి, నవ్వు నిండుగా వస్తుంది అన్నారు. నేనే సాగదీశాను. సెకనులో మూడో వంతు. ఆ ఆటకి అక్కని నేనే తీసుకెళ్ళాను, నా పేరు తెర మీద పడిన మొదటి సినిమా. సరిగ్గా ఆ ఎనిమిది ఫ్రేముల దగ్గర హాలు దద్దరిల్లింది. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది, నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "ఇది నువ్వు చేసిందేనారా" అంది. అవునక్కా నేనే అన్నాను. చీమకి కూడా దారి వదిలి నడిచే మనిషి అక్క. ఆమెలో విషం లేదు, అందరూ నవ్వారు, ఆమె నవ్వింది, అంతే. కానీ ఆ రోజు ఆ చీకట్లో నాకు నేను ఒక మాట ఇచ్చుకున్నాను, నా సంగతి ఈమెకి ఎప్పటికీ చెప్పకూడదని. ఆ మాట మీదే ఇన్నేళ్ళూ నిలబడ్డాను. ఆ ఎనిమిది ఫ్రేములు నా నోట్లో ఇప్పటికీ ఇసుకలా కరకరలాడతాయి.

ఫోను జేబులో వణికింది. మాస్టారు. బడిలో ఐదో పీరియడ్ అయ్యుంటుంది. "ఎంతవరకు వచ్చింది" అని ఒక్క ముక్క. ఇంట్లో కూడా నేను ఆయన్ని మాస్టారనే పిలుస్తాను, మొదట్లో వేళాకోళానికి, తర్వాత అలవాటుగా, ఇప్పుడు ఇంకో పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూడడు. భౌతికశాస్త్రం చెప్తాడు. ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, కింద ఇంటివాళ్ళకి ఆయన నా దూరపు చుట్టం, ఆయన బడిలోవాళ్ళకి నేను ఆయన ఇంటి యజమానిని, అక్కకి ఆయన అసలు లేడు. అక్క వచ్చిందని రాద్దామని ఫోను తెరిచాను, వెలుతురు పడుతుందని పెద్దాయన చిన్నగా దగ్గాడు, మూసేశాను. రాసి మాత్రం ఏం లాభం, ఆయన అక్కడ పిల్లలకి పాఠం చెప్పాలి. ఆయనకి చెప్పకుండా నేనీ సినిమాలో ఏదీ పెట్టలేదు. డైరెక్టరమ్మాయి రెండో సగంలో హాస్యం పలచబడింది, ఏదైనా చెప్పండి అని ప్రాణం తీస్తుంటే, మా స్నేహితుడింట్లో ఒకసారి ఇలా జరిగింది అని బాల్కనీ సంగతి చెప్పింది నేనే. ఆమె పడీ పడీ నవ్వి ఆ రాత్రే రాసేసింది. ఇంటికొచ్చి మాస్టారికి చెప్తే, పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తకుండా, "పెట్టుకోండి. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వే వస్తోంది" అన్నాడు. నవ్వలేదు మాత్రం.

ఐదేళ్ళ కిందట, ఎండాకాలం, ఆదివారం మధ్యాహ్నం. మాస్టారు స్నానం చేసి తువ్వాలు కట్టుకుని బయటికి వచ్చాడు, సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడు, "ఒరే నేనురా, ఇటు పక్క పనుండి వచ్చాను" అని అక్క గొంతు. మేమిద్దరం ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేనేమీ అనలేదు, నోటితో అనలేదు, కానీ నా కళ్ళు బాల్కనీ వైపు వెళ్ళాయి. ఆయన ఆ కళ్ళు చూశాడు. చూసి, తువ్వాలుతోనే, చెప్పులు కూడా లేకుండా బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. నేను తెర లాగాను. రెండో పళ్ళ బ్రష్షు, రెండో కళ్ళజోడు, దిద్దిన పేపర్ల కట్ట, అన్నీ దిండు కింద తోసి తలుపు తీశాను. అక్క వచ్చి కూర్చుంది, టీ పెట్టాను, వార్డు సంగతులు చెప్పింది, నేను ఊ కొట్టాను, నా చెవులు మాత్రం తెర వెనకే ఉన్నాయి. పడమటి బాల్కనీ, సిమెంటు నేల. అక్క వెళ్ళాక తలుపు తీస్తే ఆయన ఒక కాలి మీద నిలబడి ఉన్నాడు, రెండో కాలు గోడకి ఆనించి, కొంగలా. లోపలికి వచ్చి, నా వైపు చూడకుండా, అక్క తాగిన కప్పు తీసి కడిగి బోర్లించాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, బడికి వెళ్తూ గుమ్మంలో ఆగి, కోపం లేకుండా, లెక్క అడిగినట్టు అడిగాడు, "నేను మీ ఇంట్లో దొంగనా?" అని. ఆ మాట కూడా డైరెక్టరమ్మాయికి చెప్పాను. ఆమె అది కూడా తీసింది, కళ్ళద్దాలతను చాలా బాగా చేశాడు, ఒక్క టేకులో. ఆ మాట తర్వాత హాస్యం చచ్చిపోతోంది, మళ్ళీ లేవడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. అందుకని తీసేశాను. ఎవరూ అడగలేదు, నేనే తీసేశాను. సినిమా చురుగ్గా అయింది.

వచ్చేసింది. తెర మీద కళ్ళద్దాలతను నీలం తువ్వాలుతో బాల్కనీలో ఉన్నాడు, లోపల రొట్టెలవాడి అక్క కుర్చీలో దిగబడి కేకు మీద కేకు లాగిస్తోంది, ఇంకో ముక్క పెట్టరా, ఇంకో ముక్క పెట్టరా అంటోంది. ఎదుటి మేడ మీద బట్టలారేస్తున్న ముసలావిడ ఇతన్ని చూసి, మీరు కళ్ళ డాక్టరు కదూ అంటుంది, ఇతను అవునని తలూపుతాడు, అయితే నా కళ్ళు చూడండి అంటుంది, ఇతను ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని రెండో చేత్తో వీధి అవతలికి వేళ్ళు చూపిస్తాడు, ఇవెన్ని, మూడు, ఇవి, ఐదు. ఇప్పుడు పది చూపించండి అంటుంది, పది చూపించాలంటే తువ్వాలు పట్టుకున్న చెయ్యి కూడా కావాలి. హాలు పగిలిపోయింది. పెద్దాయన సీటు చెయ్యి మీద కొడుతున్నాడు, మధ్య వరుస కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు, ఎవరో మళ్ళీ మళ్ళీ పది పది అని అరుస్తున్నారు, తలుపు దగ్గర నిర్మాత చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇక రాసుకోవలసిన పని లేనట్టు. ఇంత నవ్వు నా బతుకులో నేను కట్ చేసిన దేనికీ రాలేదు. నేను తర్వాతి డైలాగుకి ముందు రెండున్నర సెకన్ల ఖాళీ వదిలాను, అది చాల్లేదు, డైలాగు నవ్వులో కొట్టుకుపోయింది. ఇందులో పైనుంచి పడే నవ్వు లేదు, ఒక్కటి కూడా లేదు, అందరూ ఆ తువ్వాలు తమదే అన్నట్టు పట్టుకుని కూర్చున్నారు. గెలిచాం. గెలిచాం అనుకుంటూనే చూశాను, అక్క ముడి కదలడం లేదు. ఆమెకి రెండు పక్కలా నర్సులు ఊగిపోతున్నారు, మధ్యలో ముడి మాత్రం రాయిలా ఉంది. రెండు వందల మంది నవ్వూ ఒక్కసారి దూరమైపోయి, పక్కవీధిలో ఎవరి పెళ్ళో జరుగుతున్నట్టు వినిపించింది. తెలిసిపోయింది. ఆ కేకు తినే ఆవిడ తనేనని తెలిసిపోయింది. ఆ తెర, ఆ కప్పు, ఆ ఆదివారం. ఇప్పుడు లేస్తుంది, బ్యాగు పట్టీ సర్దుకుంటోంది, లేస్తుంది. లేవలేదు.

ఆ తర్వాత ముప్పావుగంట ఏం జరిగిందో తెర మీద చూడకుండానే చెప్పగలను కాబట్టి చూడలేదు. వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు, విడిపోయారు, రొట్టెలవాడు నిజంగానే చూపు మందగించి ఒక అక్షరం కూడా చదవలేక ఆ దుకాణం ముందు నిలబడ్డాడు. చివర రొట్టెల దుకాణంలో, తెల్లారకముందు, పిండి దుమ్ములో ముద్దు. తొమ్మిది సెకన్లు. దీని గురించే నిర్మాతకి నిద్ర లేదు. హాలు తట్టుకుంటే ఉంచుదాం, లేకపోతే దీపం ఆర్పేద్దాం, తర్వాత జనం ఊహించుకుంటారు అన్నాడు. మొదటి మూడు సెకన్లూ హాలులో గాలి కూడా ఆడలేదు. నాలుగో సెకనుకి ఒక ఈల, అయిదో సెకనుకి దానికి తోడుగా ఒక ఇకిలింపు, ఎక్కడో ఛీ అని ఒక ఆడగొంతు, దాని మీద ఇంకో ఆడగొంతు, "నోరు మూసుకుని చూడండి" అని. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు, చూడకుండా ఉండటానికో, బాగా చూడటానికో. ముందు వరుస అమ్మాయిల్లో ఒకామె ఏడుస్తోంది. అక్క తల కొంచెం కిందికి వంగింది. కొంచెమే, రెండు వేళ్ళంత. నేను తొమ్మిది దాకా లెక్కపెట్టి ఊపిరి వదిలాను.

దీపాలు వెలిగాయి. జనం కాగితాల మీద గీతలు గీసి తలుపు దగ్గర పెట్టెలో వేసి వెళ్ళిపోతున్నారు. నర్సులిద్దరూ లేచారు, అక్క వాళ్ళని ముందు నడవమన్నట్టు చెయ్యి ఊపి, తను లేవకుండా కూర్చుంది. నేను వెళ్ళి ఒక సీటు వదిలి కూర్చున్నాను. ఆమె నా వైపు తిరగలేదు, తెల్లగా ఖాళీగా ఉన్న తెర వైపే చూస్తూ అడిగింది.

"తువ్వాలు ఏ రంగుదిరా?"

"తెల్లది" అన్నాను. "తెర మీద తెలుపు మెరుస్తుందని నీలం పెట్టారు."

"నేల మీద తడి అడుగులు చూశాను ఆ రోజు. స్నానాలగది నుంచి బాల్కనీ దాకా. పెద్ద అడుగులు. పొడుగు మనిషి కాబోలు అనుకున్నాను."

"ఎవరు?"

"ఆవిడ."

"ఏ ఆవిడక్కా?"

"నువ్వు దాచిపెట్టిన ఆవిడ. ఎవరి పెళ్ళామో అనుకున్నాను. కాకపోతే నా దగ్గర ఎందుకు దాస్తావు. మొగుడు తాగొచ్చి కొడతాడేమో, పాపం ఎటూ పోలేక నీ దగ్గరికి వచ్చిందేమో అనుకున్నాను. నేను వస్తే ఆవిడకి ఇబ్బంది అని మీ ఇంటికి రావడం మానేశాను. ఎవరైనా నీకు సంబంధం అని వస్తే, వాడికి పెళ్ళంటే పడదు అని నేనే తిప్పి పంపించాను. ఐదేళ్ళ నుంచి ఆవిడ మీద జాలిపడుతున్నాను. ఇప్పుడు ఆవిడ లేదన్నమాట."

"లేదక్కా. ఎప్పుడూ లేదు."

అక్క మోకాళ్ళ వాపు వల్ల రావడం లేదని అనుకున్నాను ఇన్నేళ్ళూ. నేను గదిలో కూర్చుని ఒక సినిమా కోస్తుంటే, అక్క తన వార్డులో తిరుగుతూ ఇంకో సినిమా అల్లుకుంది, నా సినిమా కంటే దయగలది, అందులో నేను మంచివాణ్ణి, ఒక కష్టంలో ఉన్న ఆడదానికి ఆసరా ఇచ్చినవాణ్ణి. ఇప్పుడది ఆమె చేతుల్లోంచి నేనే లాగేసుకున్నాను. ఆమె మొహంలో కోపం వెతికాను, కోపం ఉంటే తేలిగ్గా ఉండేది, అక్కడ ఉన్నది దారి తప్పినవాళ్ళ మొహం.

"రెండొందల మంది మధ్య కూర్చోబెట్టి చెప్పావు" అంది.

"నిన్ను రావద్దన్నాను కదక్కా."

"అదే అంటున్నాను. వద్దన్నావు."

సీట్ల కింద ఊడ్చేవాళ్ళు వెనక వరుస నుంచి మొదలుపెట్టారు.

"ఎంతసేపు నిలబడ్డాడు?"

"నలభై నిమిషాలు."

"చెప్పులు?"

"లేవు."

"బొబ్బలెక్కి ఉంటాయి."

"ఎక్కాయి."

"ఏం మందు రాశావు?"

"చన్నీళ్ళు పోసుకున్నాడు. అంతే."

అక్క మొదటిసారి నా వైపు తిరిగింది. "నేను అక్కడే ఉన్నాను కదరా. నా బ్యాగులో మందుంది."

నేను తల దించుకున్నాను. నలభై రెండేళ్ళవాణ్ణి, అందరి ముందూ ఏడవకూడదని నేర్చుకున్నవాణ్ణి, ఏడవలేదు, కానీ ముందు సీటు వీపు గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. అక్క ఓదార్చలేదు, చెయ్యి కూడా వెయ్యలేదు. రోగి సంగతి కనుక్కున్నట్టు అడిగింది.

"లోపలికొచ్చి ఏమన్నాడు?"

"రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత, నేను మీ ఇంట్లో దొంగనా అన్నాడు."

"సినిమాలో అనలేదే."

"అన్నాడు. నేను తీసేశాను."

"ఎందుకు?"

"నవ్వు ఆగిపోతుందని."

"ఆగితే ఆగేది" అంది అక్క.

అప్పుడు నిర్మాత వచ్చాడు, మొహమంతా వెలుగు, చేతిలో కాగితాల కట్ట. బాల్కనీకి అందరూ పదికి పది వేశారయ్యా అన్నాడు నాతో, తర్వాత పక్కనున్న మనిషిని చూసి, ఆమె ఎవరో తెలియక, గొంతు మార్చి, "అమ్మా, మీలాంటి పెద్దవాళ్ళ మాట మాకు ముఖ్యం. చివర్లో ఆ ముద్దు ఉంది చూడండి. కాగితాల్లో సగం మంది ఉంచమన్నారు, సగం మంది తీసెయ్యమన్నారు. మీరేమంటారు?" అని అడిగాడు. మా అక్క అని చెప్పాలి, చెప్పలేకపోయాను. ఆమె బ్యాగు ఒళ్ళోకి తీసుకుని, జిప్పు తీసి, మళ్ళీ వేసింది.

"నేను చూడలేదు బాబూ. కళ్ళు మూసుకున్నాను. నాకలవాటు లేదు" అంది.

"అదే నా భయం కూడానమ్మా. అందుకే తీసేద్దామని..."

"కళ్ళు మూసుకోవడం నా చేతిలో పని. దానికి మీరు సినిమా కొయ్యడమెందుకు?"

నిర్మాత నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. ఆయన ఆ మాట కాగితం వెనక రాసుకుంటుంటే అక్క, "ఆ అక్క వేషం వేసినావిడ చేత మాత్రం అన్ని కేకులు తినిపించారు. ఇంటికెళ్ళినవాళ్ళు ఎవరూ అంత తినరు" అంది. ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేదు, నిజంగానే నొచ్చుకుంది.

మెట్ల దాకా నడిచాం. కింద నర్సులిద్దరూ ఎదురుచూస్తూ, ఆ కళ్ళద్దాలతని లాగా వేళ్ళు చూపించుకుని నవ్వుకుంటున్నారు. అక్కకి ఆ రాత్రి డ్యూటీ. పైమెట్టు మీద ఆగి అంది, "నాకిప్పుడేమీ తోచడం లేదురా. మంచిదో చెడ్డదో నన్నడక్కు. ఆలోచించుకోవాలి. ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు."

"సరే అక్కా."

"వచ్చేటప్పుడు ఫోను చేసే వస్తాను." రెండు మెట్లు దిగి, కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరక్కుండా అంది, "ఫోను చేశానని ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."